కొత్త పికప్ ఇరవై ఏళ్లు నడవాలంటే బండి కింద నుంచి మొదలుపెట్టండి

చిన్న పికప్‌లు మూలన పడేటప్పటికి చాలాసార్లు ఇంజన్ ఇంకా బాగానే ఉంటుంది. ఛాసిస్‌ను తుప్పు తినేసి ఉంటుంది. లేదా సీల్ కారి క్రౌన్‌లో (వెనక ఇరుసు మధ్యలో చక్రాలను తిప్పే పళ్ల చక్రాల్లో) ఆయిల్ లేక పళ్లు అరిగి ఉంటాయి. లేదా మోయకూడని బరువు మోసి కమాన్లు (పట్టీల స్ప్రింగులు) కూర్చుండిపోయి, వెనక ఇరుసును కప్పి ఉంచే హౌసింగ్ వంగి ఉంటుంది. ఇవన్నీ బండి కింద, ఎవరూ వంగి చూడని చోట జరిగేవే. అందుకని ఇక్కడ ఇంజన్ గురించి చెప్పేది కొంతే, బండి కింద చేయాల్సిన పని గురించి చెప్పేది ఎక్కువ.

మీ బండి ఏ తరహాదో ముందు తెలుసుకోండి. టయోటా హైలక్స్ తరహా బళ్లలో నిచ్చెనలాంటి ఛాసిస్ మీద క్యాబిన్, తొట్టి విడివిడిగా బిగించి ఉంటాయి. ఫోర్డ్ మావెరిక్, హ్యుందాయ్ శాంటా క్రూజ్ లాంటివాటిలో కార్లలాగే బాడీ, ఫ్రేము ఒకటే. రెండో రకంలో క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య విడి భాగమంటూ ఉండదు కాబట్టి ఒకచోట తుప్పు పట్టినా, వంగినా బాగుచేయడం కష్టం. కింద చెప్పేవన్నీ దాదాపు రెండింటికీ వర్తిస్తాయి. తేడా ఉన్నచోట చెబుతాం.

మొదటి వారం

మాన్యువల్ తీసి మెయింటెనెన్స్ పట్టికలు చూడండి. చాలా కంపెనీలు రెండు రకాల పట్టికలు ఇస్తాయి: ఒకటి మామూలు వాడకానికి, ఇంకొకటి కఠినమైన వాడకానికి. దుమ్ము రోడ్లు, ఐదారు కిలోమీటర్లకే ఇంజన్ ఆపేసే తిరుగుళ్లు, గంటల తరబడి ఐడ్లింగ్, తరచూ లోడు, ట్రైలర్ లాగడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మీది రెండో పట్టికే. పికప్‌ను పికప్‌లా వాడేవాళ్లు మొదటి పట్టికలోకి రావడం అరుదు. ఈ వ్యాసంలోని అంకెలు సాధారణంగా పనికొచ్చేవి. మీ మోడల్ మాన్యువల్ వేరే అంకె చెబితే దాన్నే పట్టుకోండి.

తర్వాత టార్చి పట్టుకుని బండి కిందికి దూరి ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఛాసిస్ వెల్డింగులు, కమాన్ల హ్యాంగర్లు, బ్రేక్ పైపులు వెళ్లే దారి, క్రౌన్ ఉండే డిఫరెన్షియల్ చుట్టూ, ఇంజన్, గేర్‌బాక్సు కలిసే చోటు, షాక్ అబ్జార్బర్లు. ముప్పై నలభై ఫొటోలు చాలు. మూడేళ్ల తర్వాత ఎక్కడో తడి కనిపిస్తే, అది కొత్తగా వచ్చిందా, మొదటి నుంచీ ఉన్నదా అనేది ఈ ఫొటోలతో తేలిపోతుంది.

అదే రోజు ఒక కొలత కూడా తీసుకోండి. ఖాళీ బండిని చదునైన నేల మీద పెట్టి, టైర్లలో గాలి సరిచూసి, ప్రతి చక్రం నడిమధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలవండి. నాలుగు అంకెలూ సర్వీస్ పుస్తకంలో రాసుకోండి. కమాన్లు నీరసించడం కంటికి ఆనదు, టేపుకు దొరుకుతుంది. ఏడాదికోసారి కొలిచినప్పుడు వెనక ఒక వైపే 15 మిల్లీమీటర్లు తగ్గిందనుకోండి, ఆ వైపు పట్టీ పగిలిందో బుష్ నలిగిందో చూడాలి. రెండు వైపులా సమానంగా 25, 30 మిల్లీమీటర్లు తగ్గితే మోసే బరువు గురించి మళ్లీ ఆలోచించుకోవాలి.

తొట్టి కింద వేలాడే స్టెప్నీని ఒకసారి కిందికి దించండి. దాన్ని పట్టి ఉంచే తీగ, చిన్న వించ్ కొత్తలో సులువుగా తిరుగుతాయి. మూడు నాలుగేళ్లు ముట్టుకోకపోతే మట్టి, నీళ్లు చేరి బిగుసుకుపోతాయి, అవసరమైన రోజు స్టెప్నీ దిగదు. తీగకూ వించ్ యంత్రానికీ గ్రీజు రాయండి. ఏడాదికి రెండుసార్లు దించి, గాలి చూసి, మళ్లీ ఎక్కించండి.

మొదటి 1,500 కిలోమీటర్లు

ఇప్పటి ఇంజన్లకు రన్నింగ్-ఇన్ (కొత్తలో నెమ్మదిగా నడిపి భాగాలను కుదురుకోనివ్వడం) అక్కర్లేదనే మాట తరచూ వినిపిస్తుంది. ఇంజన్ సంగతి పక్కనపెట్టినా, క్రౌన్, దాన్ని తిప్పే పినియన్ పళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకునేది రోడ్డు మీదే. ఆ దశలో నిండా లోడు వేస్తే పళ్ల మధ్య వేడి పెరిగి వాటి పైపొర దెబ్బతింటుంది. ఫలానా స్పీడు దాటగానే వెనక నుంచి సన్నగా మొదలయ్యే ఊళ చాలాసార్లు ఇలా పుట్టిందే. పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు సర్దుకునేదీ ఈ రోజుల్లోనే.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. గంటల తరబడి ఒకే స్పీడులో పోకుండా స్పీడు మారుస్తూ నడపండి. ఆర్‌పీఎం ఎర్రగీతలో మూడింట రెండు వంతులు దాటనివ్వకండి. ట్రైలర్ తగిలించకండి, లోడు సగానికి మించి వేయకండి. మొదటి 300 కిలోమీటర్లలో, తప్పనిసరైతే తప్ప, బ్రేకు గట్టిగా తొక్కకండి. ప్యాడ్లు డిస్కు మీద సమంగా కూర్చోవడానికి అంత దూరం పడుతుంది.

పొద్దున స్టార్ట్ చేశాక పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచడం వల్ల లాభం లేదు. అర నిమిషం ఆగి బయల్దేరి నెమ్మదిగా నడపండి. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చిందంటే కూలెంట్ వేడెక్కిందని మాత్రమే. ఇంజన్ ఆయిల్ వేడెక్కడానికి ఇంకో ఐదారు కిలోమీటర్లు పడుతుంది, గేర్‌బాక్సు, క్రౌన్ ఆయిళ్లకు అంతకంటే ఎక్కువ. ఈ అలవాటు రన్నింగ్-ఇన్ అయ్యాక కూడా మానొద్దు.

1,000 నుంచి 1,500 మధ్య ఒకసారి టార్క్ రెంచ్ (బిగింపును కొలుస్తూ బిగించే పానా) వేయించండి: చక్రాల నట్లు, కమాన్లను హౌసింగ్‌కు పట్టి ఉంచే యూ-బోల్టులు. కొత్త కమాన్ల పట్టీల మధ్య పెయింటు నలిగి యూ-బోల్టు కాస్త వదులవుతుంది. వదులైన యూ-బోల్టుతో లోడు మోస్తే పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగి హౌసింగ్ పక్కకు జరుగుతుంది.

బరువు లెక్క

డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద బండి మొత్తం బరువు ఎంత దాటకూడదో ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేది మీరు మోయగలిగింది. ఇందులో మనుషులూ ఉంటారు, ఈ సంగతే అందరూ మరిచిపోతారు. ఉదాహరణకు పరిమితి 2,600 కిలోలు, ఖాళీ బండి 1,750 అనుకుందాం. మిగిలింది 850. ముగ్గురు కూర్చుంటే 220 పోయింది. తొట్టికి కప్పు, పనిముట్ల పెట్టె బిగించారంటే ఇంకో 90. చివరికి సరుకుకు మిగిలేది 540 కిలోలు. కొన్ని కంపెనీలు ఖాళీ బండి బరువులోనే 75 కిలోల డ్రైవర్‌ను కలిపి చూపిస్తాయి, అది కూడా చూసుకోండి.

ఇసుక ఘనపు మీటరు పొడిగా ఉన్నా సుమారు 1,600 కిలోలు తూగుతుంది. తొట్టిలో సుమారు సగమే నిండే అర ఘనపు మీటరే 800 కిలోలు. తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు అంటే నీళ్లే టన్ను. తొట్టిలో ఇంకా చోటుందని వేసే లోడే బండిని చంపేది.

బరువును ఎక్కడ పెడతారనేది కూడా ముఖ్యమే. బరువైన సామాను క్యాబిన్ వైపు, వెనక ఇరుసుకు ముందు ఉండాలి. ఇరుసుకు వెనక, తొట్టి వెనక తలుపు వైపు పేరిస్తే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది, ఛాసిస్ సరిగ్గా క్యాబిన్ వెనక వంగుతుంది. పొడవాటి ఇనుము, పైపులు తలుపు మీంచి వేలాడదీసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ట్రైలర్ లాగుతుంటే ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడుతుంది. 800 కిలోల ట్రైలర్ అంటే 80 నుంచి 120 కిలోలు. అదీ మీ 540లోంచే పోవాలి.

అదనపు కమాన్ పట్టీ వేయిస్తే ఎక్కువ మోయవచ్చనుకోవడం పొరపాటు. వెనక భాగం కిందికి దిగకుండా పట్టీ ఆపుతుంది, అంతే. హౌసింగ్, బేరింగులు, బ్రేకులు, టైర్లు పాతవే కదా. పైగా కొన్ని బళ్లలో వెనక హౌసింగ్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీ ఉంటుంది. లోడును బట్టి వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయించే వాల్వుకు అది తగిలించి ఉంటుంది. పట్టీలు పెంచి బండిని ఎత్తు చేస్తే ఆ వాల్వు లోడు లేదనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. అప్పుడు భారమంతా ముందు ప్యాడ్ల మీద పడుతుంది. పట్టీలు మార్పిస్తే ఆ కడ్డీని మాన్యువల్ ప్రకారం తిరిగి సర్దించాల్సిందే.

క్రౌన్, గేర్‌బాక్సు, షాఫ్టు

ఇంజన్ ఆయిల్ అందరూ మారుస్తారు. క్రౌన్ ఆయిల్‌ను బండి అమ్మేదాకా ముట్టుకోనివాళ్లే ఎక్కువ. మొదటిసారి 5,000 కిలోమీటర్లలోపు మార్చేస్తే కొత్త పళ్ల నుంచి రాలిన సన్నటి ఇనుప పొడి బయటికి పోతుంది. ఆ తర్వాత లోడు మోసే బండికి ప్రతి 40,000కు ఒకసారి చాలు. పని ఇంట్లోనే చేసుకోవచ్చు.

1. పది కిలోమీటర్లు నడిపి ఆయిల్‌ను వేడి చేయండి. చదునైన నేల మీద పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, నాలుగు వైపులా సమానంగా ఉండేలా స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరొద్దు.
2. ప్లగ్గుల చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో తుడవండి. ముందు పైనున్న నింపే ప్లగ్గు విప్పండి, తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్గు. ఆయిల్ మొత్తం దించేశాక పై ప్లగ్గు రాకపోతే బండి కదలదు.
3. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాని మీద ఏముందో చూడండి. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా ఉండే బూడిద రంగు ముద్ద మామూలే. గోరుకు తగిలే పలుకులు, మెరిసే రేకులు ఉంటే పన్ను గానీ బేరింగు గానీ దెబ్బతింటోందని అర్థం. ఆయిల్ పాలరంగులో ఉంటే నీళ్లు చేరాయి.
4. ప్లగ్గు వాషర్ కొత్తది వేసి బిగించండి. మాన్యువల్ చెప్పిన గ్రేడ్, ఎక్కువ బళ్లకు జీఎల్-5 రకం గేర్ ఆయిల్, నింపే రంధ్రం కింది అంచు నుంచి బయటికి కారేదాకా పోయండి. చిన్న పికప్‌కు మామూలుగా లీటరున్నర నుంచి రెండున్నర లీటర్లు పడుతుంది.
5. హౌసింగ్ పైన ఉండే బ్రీదర్‌ను (లోపలి గాలి వచ్చిపోయే చిన్న మూతను) తీసి ఊదండి. గాలి ఆడాలి.

ఈ చివరిది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ క్రౌన్ ఆయుష్షు చాలావరకు దాని మీదే ఉంది. నడుస్తున్నప్పుడు ఆయిల్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే ఆ ఒత్తిడి ఇరుసు చివర సీల్‌ను తోసుకుని బయటికి వస్తుంది, ఆయిల్ వెనక బ్రేకుల మీద పడుతుంది. సీల్ మార్చినా ఆరు నెలల్లో మళ్లీ కారుతుంటే బ్రీదర్‌ను చూడకుండా ఇంకో సీల్ వేయొద్దు. అలాగే వేడి మీదున్న హౌసింగ్‌తో వాగు దాటితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. బ్రీదర్ నీళ్లలో మునిగి ఉంటే నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. తరచూ నీళ్లలో దిగే బండికి బ్రీదర్‌కు గొట్టం తగిలించి ఎత్తులో కట్టించండి. హౌసింగ్ మునిగేంత నీళ్లలో నడిచిన ప్రతిసారీ ఆయిల్ రంగు చూడండి.

మాన్యువల్ గేర్‌బాక్సుకు జీఎల్-4 చెబితే జీఎల్-5 పోయొద్దు. పెద్ద నంబరు కదా మంచిదేనని పోస్తారు. అందులోని గంధకం కలిసిన రసాయనాలు క్రౌన్ పళ్లకు రక్షణ, గేర్‌బాక్సులో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు మాత్రం చేటు. కొన్నాళ్లకు గేరు పడేటప్పుడు గర్రుమంటుంది. ఆటోమేటిక్ అయితే ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని రాసి ఉన్నా, లోడు మోసే బండికి 60,000 నుంచి 80,000 మధ్య మార్పించండి. యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగించడం కంటే డ్రెయిన్ చేసి అంతే కొలత తిరిగి పోయడం మంచిది. ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో మిగిలిపోయే పాత ఆయిల్ ఎక్కువే కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి అలాగే చేస్తే చాలావరకు కొత్తదవుతుంది.

గేర్‌బాక్సు నుంచి క్రౌన్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లకు (చివర్లలో మడతపడే జాయింట్లకు) గ్రీజు నిపుల్ ఉంటే ఇంజన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ, నాలుగు కప్పుల్లోంచీ కొత్త గ్రీజు కాస్త బయటికి వచ్చేదాకా కొట్టండి. ఒక కప్పు నుంచి రాలేదంటే ఆ వైపు బేరింగు ఎండిపోతోంది. ముందు గేరు నుంచి రివర్స్‌కు మార్చగానే కింద టక్‌మంటే మొదట అనుమానించాల్సింది క్రాస్‌నే.

అవసరమైనప్పుడు వేసుకునే ఫోర్ వీల్ డ్రైవ్‌ను పొడి తారురోడ్డు మీద వాడకండి. మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. టైర్లు జారే అవకాశం లేకపోతే ఆ తేడా షాఫ్టులను, ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసును మెలిపెడుతుంది. అలాగని ఏళ్ల తరబడి వాడకుండా ఉంచడమూ తప్పే. నెలకోసారి మట్టి రోడ్డు మీద రెండు మూడు కిలోమీటర్లు వేసి నడపండి. ఆయిల్ అన్నిచోట్లకూ పారుతుంది, లోపలి మోటారు, ఫోర్కులు బిగుసుకుపోవు.

ఇంజన్‌కు కావాల్సినవి

ఆయిల్ మట్టం రెండు వారాలకోసారి చూడండి. చదునైన చోట ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగాక చూడాలి. మట్టం తగ్గడం అందరూ గమనిస్తారు. పెరగడం ఇంకా ప్రమాదం. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ బండి ఎప్పుడూ చిన్న దూరాలే తిరుగుతుంటే, మసి కాల్చుకునే ప్రక్రియ మధ్యలోనే ఆగిపోతుంది. అందుకోసం అదనంగా చల్లిన డీజిల్ సిలిండర్ గోడల మీంచి కారి ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పలచనై బేరింగులు అరుగుతాయి. అలాంటి బండిని వారానికోసారి అరగంటపాటు హైవే మీద ఆగకుండా నడపండి. ఆయిల్ కూడా డీపీఎఫ్‌కు పనికొచ్చే తక్కువ బూడిద రకమే పోయాలి.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్‌కు కిలోమీటర్లు, ఏళ్లు, రెండు గడువులూ ఉంటాయి. ఏది ముందొస్తే అదే లెక్క. బెల్టుతోపాటు టెన్షనర్, బెల్టు తిప్పే రకమైతే వాటర్ పంపు కూడా మార్చండి, రెండోసారి అంతా విప్పే పని తప్పుతుంది. కొన్ని ఇంజన్లలో బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. వాటికి వేరే స్పెసిఫికేషన్ ఆయిల్ పోస్తే బెల్టు ఉబ్బి పొట్టు రాలుతుంది, ఆ పొట్టు ఆయిల్ పంపు జాలీని మూసేస్తుంది. టర్బో ఉంటే, ఎత్తు మీద లోడుతో ఎక్కాక వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి.

కూలెంట్‌ను రంగు చూసి కొనొద్దు. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు దొరుకుతాయి, కలిస్తే గడ్డకట్టే రకాలూ ఉన్నాయి. మాన్యువల్‌లో ఉన్న స్పెసిఫికేషనే కొలమానం. గాఢ కూలెంట్ కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలపండి. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది.

ఎయిర్ ఫిల్టర్‌ను నేలకేసి కొట్టి దులపకండి. కాగితం మడతలు చిట్లితే ఆ సందుల్లోంచి వెళ్లే దుమ్ము రింగులను నమిలేస్తుంది. దుమ్ములో నడిచే బండికి ఫిల్టర్ తరచూ మార్చడమే మేలు. మార్చేటప్పుడు డబ్బా లోపల శుభ్రమైన వైపు వేలు పెట్టి చూడండి. అక్కడ దుమ్ము అంటిందంటే ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదు. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు చేరే గిన్నెను నెలకోసారి వదలండి. ఇంధనం పావు ట్యాంకుకు తగ్గనివ్వకపోతే ట్యాంకులోని పంపు చల్లగా ఉంటుంది.

తుప్పు

టయోటా టకోమా అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. ఇంజన్ విషయంలో గొప్ప పేరున్న బండి అది. 1995 నుంచి 2000 దాకా అమ్మిన మోడళ్ల ఫ్రేములు ఉత్తర అమెరికాలో ఎంతగా తుప్పుపట్టాయంటే, 2008లో కంపెనీ ఫ్రేము తుప్పుకు వారంటీని 15 ఏళ్లకు పెంచి, బాగుచేయలేని బళ్లను తిరిగి కొనేసింది. ఇంజన్ ఎంత గట్టిదైనా ఫ్రేము పోతే బండి పోయినట్టే.

తుప్పు పైకి కనిపించే చోట మొదలవదు. పెట్టె ఆకారపు ఛాసిస్ లోపల, కమాన్ హ్యాంగర్ల వెనక, వెనక ఇరుసు మీదుగా ఛాసిస్ వంపు తిరిగే చోట, ఇంధన ట్యాంకు పైన, స్టెప్నీని మోసే అడ్డదూలం మీద, బ్రేక్ పైపులను పట్టి ఉంచే క్లిప్పుల కింద మట్టి చేరి తడి పట్టి ఉంచుతుంది. మట్టిలో ఉప్పుంటే పని ఇంకా త్వరగా అవుతుంది. సముద్రతీరం, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్లు, తొట్టిలో వేసే రసాయన ఎరువులు, మూడూ ఒకే కీడు చేస్తాయి. ఎరువు బస్తాలు దించిన రోజే తొట్టినీ, తలుపు సందునూ, కింది ఛాసిస్‌నూ కడగాలి. మరుసటి రోజుకు వదిలేస్తే రాత్రి తేమకే అది కరిగి మూలల్లోకి దిగుతుంది.

కడిగే పద్ధతి ఇలా ఉండాలి. పైన కడిగేముందు కింద కడగండి. ఛాసిస్ పక్కన ఉండే గుండ్రటి రంధ్రాల్లోకి గొట్టం దూర్చి, అవతలి రంధ్రం నుంచి తేట నీళ్లు వచ్చేదాకా వదలండి. అడుగున ఉండే డ్రెయిన్ రంధ్రాలు మూసుకుపోయి ఉంటే తీగతో పొడిచి తెరవండి. వీటిలోంచి ఎర్రమట్టి ముద్ద రాలిన తర్వాత వచ్చే నీళ్ల రంగు మారడం చూస్తే, ఎంత తడి లోపల నిలిచి ఉందో తెలుస్తుంది. ప్రెషర్ వాషర్ వాడితే క్రాస్‌లు, ఇరుసు సీళ్లు, వైరింగ్ కనెక్టర్లు, బ్రీదర్ మీద నేరుగా కొట్టకండి, గ్రీజు పోయి నీళ్లు దూరతాయి. ఉప్పు రోడ్ల కాలంలో రెండు వారాలకోసారి, మామూలు రోజుల్లో నెలా రెండు నెలలకోసారి కడగడం సరిపోతుంది.

పూత వేయించాల్సింది బండి కొత్తగా ఉన్నప్పుడే, మొదటి నెలలోనే. గట్టిపడే తారు, రబ్బరు పూతల జోలికి పోవద్దు. కొన్నేళ్లకు అవి చిట్లి, చిట్లిన చోట నీళ్లు లోపలికి పోయి పూత కిందే నిలుస్తాయి. పైకి నల్లగా నున్నగా కనిపిస్తూ లోపల రేకు పొరలు పొరలుగా లేస్తుంటుంది. మెత్తగా, జిడ్డుగా ఉండిపోయే లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) పూత గానీ, ఛాసిస్ లోపలికి క్యావిటీ వ్యాక్స్ గానీ మేలు. గీత పడినా మళ్లీ సర్దుకుంటాయి, కింద ఏముందో కనిపిస్తుంది.

బండి కింద కడిగి రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద పూత వేస్తే తడిని లోపల బంధించినట్టే. బ్రేక్ డిస్కులు, డ్రమ్ములు, సైలెన్సర్ పైపు, ఆక్సిజన్ సెన్సర్లు, కనెక్టర్లకు కవర్లు కట్టండి. నలువైపులా చిమ్మే సన్నటి గొట్టంతో ఛాసిస్ రంధ్రాల్లోంచి లోపల, తర్వాత బయట వేయండి. చిన్న పికప్‌కు మూడు నుంచి ఐదు లీటర్లు పడుతుంది. డ్రెయిన్ రంధ్రాలు పూతతో మూసుకుపోలేదు కదా అని చివర్లో తీగతో చూడండి. చక్రాలు నీళ్లు చిమ్మే చోట ఏడాదిలో పూత కడుక్కుపోతుంది, అక్కడ మళ్లీ వేయండి. బాడీ, ఫ్రేము ఒకటే అయిన బళ్లలో తలుపుల కింది గుమ్మాల లోపలి భాగానికి ఈ పూత మరీ ముఖ్యం.

తొట్టిలో అమర్చే విడి ప్లాస్టిక్ లైనర్ కదులుతూ పెయింటును గీకుతుంది, కింద ఇసుక, నీళ్లు చేరతాయి. అది ఉంటే ఏడాదికి రెండుసార్లు పైకి తీసి కడగాలి. స్ప్రే చేసే లైనర్ అయితే ఆ బాధ ఉండదు. తొట్టికి కొత్తగా రంధ్రం వేస్తే అంచుకు ప్రైమర్, పెయింటు వేయకుండా బోల్టు బిగించొద్దు. క్యాబిన్ వెనక పైనున్న మూడో బ్రేక్ లైటు సీల్ దగ్గర కారడం పికప్‌లలో తరచూ చూసేదే. వెనక సీటు కింద కార్పెట్ తడిగా ఉంటే ముందు అక్కడ చూడండి.

బ్రేకులు, టైర్లు

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. ప్రమాణం ప్రకారం తేమ చేరాక ఆ కనీసం 155 డిగ్రీలే. ఘాట్ దిగుతూ లోడుతో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ తేడా పెడల్ కింద తెలుస్తుంది. రెండేళ్లకోసారి మార్పించండి, లోపల పైపులు తుప్పుపట్టకుండా ఉండటానికీ ఇదే మందు. ప్యాడ్లు 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చండి. మార్చేటప్పుడు క్యాలిపర్ జారే పిన్నులను తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టించండి. పిన్ను బిగుసుకుంటే ఒక ప్యాడ్ అరిగి రెండోది కొత్తదిలా మిగులుతుంది.

టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఖాళీకి, లోడుకు వెనక టైర్లకు వేర్వేరు అంకెలు తలుపు స్టిక్కర్ మీద గానీ మాన్యువల్‌లో గానీ ఉంటాయి. 10,000కు ఒకసారి టైర్ల స్థానాలు మార్చండి. టైరు పక్కన ఉండే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. స్టెప్నీది కూడా చూడండి. వెడల్పు టైర్లు, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేస్తే చక్రం బేరింగుల మీద భారం పెరుగుతుంది. బండి ఎక్కువ కాలం నడవాలనుకుంటే కంపెనీ సైజులోనే ఉండండి.

ఐదేళ్లు, పదేళ్లు దాటాక

ఐదో ఏడు నుంచి రబ్బరు వంతు. రేడియేటర్ హోసులను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడండి. మెత్తగా ఉబ్బినా, నొక్కితే చిటపటమన్నా మార్చాలి. కమాన్ బుష్‌లు, షాక్‌లు, ఇంజన్ మౌంటింగులు, స్టీరింగ్ బాల్ జాయింట్ల కవర్లు ఈ వయసులోనే చిట్లుతాయి. కవర్ చిట్లినప్పుడే మార్చితే జాయింటు బతుకుతుంది. బ్యాటరీ రాత్రంతా ఆపి ఉంచాక పొద్దున 12.6 వోల్టులు చూపాలి. 12.2కు పడిపోతుంటే ఛార్జింగు, లీకేజీ చూపించండి. అదనపు లైట్లు వేయిస్తే ఫ్యూజు, రిలే పెట్టి బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగించండి, ఉన్న వైరును గీకి కలపనివ్వొద్దు.

పదో ఏడు నుంచి ఏడాదికోసారి చిన్న సుత్తితో ఛాసిస్‌ను పరీక్షించండి. మొదటి వారం తీసిన ఫొటోలు పక్కన పెట్టుకుని, పైన చెప్పిన చోట్లన్నీ తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, సుత్తి ఎగిరి వెనక్కి వస్తుంది. పలచబడిన చోట శబ్దం మందంగా ఉంటుంది, పొలుసులు రాలతాయి. పొలుసులు గీకేస్తే కింద గట్టి లోహం తగిలిందంటే తుప్పును ఇనుపబ్రష్షుతో తీసి, పూత వేసి, ఆరు నెలల్లో మళ్లీ చూడండి. బ్రేక్ పైపు క్లిప్పు దగ్గర గుల్లబారితే ముక్క అతికించకుండా ఆ పైపు మొత్తాన్ని మార్పించండి. రాగి-నికెల్ పైపు వేయిస్తే మళ్లీ తుప్పు భయం ఉండదు. కమాన్ హ్యాంగర్, స్టీరింగ్ బాక్సు, ముందు సస్పెన్షన్ బిగించే చోట్లలో సుత్తి లోపలికి దిగిందంటే మాత్రం పైన రేకు అతికి వెల్డింగ్ చేయించి లోడు వేయొద్దు. పలచబడిన ఇనుముకు అతికిన రేకు దాని అంచునే చీలుతుంది. ఆ భాగాన్ని కోసి గట్టి ఛాసిస్ భాగం వేయించడమో, పూర్తిగా వేరే ఛాసిస్ ఎక్కించడమో చేయాలి, అదీ ఛాసిస్ కొలతలు పట్టి పనిచేసే చోట మాత్రమే.